సింగపూర్ క్రూజ్‌లో పెనాంగ్, ఫుకెట్ దిగినప్పుడు ఏ టూర్ తీసుకోవాలి, ఏది వదిలేయాలి

సింగపూర్‌లో ఎక్కి పెనాంగ్, ఫుకెట్ చూసుకుని మళ్లీ సింగపూర్‌లోనే దిగే నాలుగైదు రోజుల ఓడ ప్రయాణాలకి మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఈమధ్య చాలామందే వెళ్తున్నారు. విశాఖ నుంచి సింగపూర్‌కి నేరుగా విమానం ఉంది కాబట్టి రాజాం నుంచైనా, పలాస నుంచైనా, బొబ్బిలి నుంచైనా పెద్దవాళ్లని, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లడం మరీ కష్టమేమీ కాదు. కష్టం టికెట్లు కొన్నాక మొదలవుతుంది. ఓడ కంపెనీ యాప్ తెరిస్తే ఒక్కో ఊరికి బోలెడన్ని టూర్లు, ప్రతిదాని ఫోటో బాగుంటుంది, ప్రతిదాని కింద డాలర్లలో ఒక ధర, అదీ మనిషికి. ఇంకోపక్క తెలిసినవాళ్లు "టూరెందుకు, దిగి టాక్సీ మాట్లాడుకోండి, చవగ్గా అయిపోద్ది" అంటారు. మరొకరు "అమ్మో, ఓడ వదిలేసి వెళ్లిపోతే ఏటి చేస్తారు?" అని భయపెడతారు. ఇద్దరూ చెప్పేది నిజమే, కాకపోతే ఇద్దరూ ఒకే ఊరి గురించి మాట్లాడటం లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పెనాంగ్‌లో ఓడ వాళ్ల టూర్ అక్కర్లేదు, సొంతంగా తిరగండి. ఫుకెట్‌లో మళ్లీ పడవెక్కి వేరే దీవులకి వెళ్లాలనుకుంటే మాత్రం ఎంత ఖరీదైనా ఓడ వాళ్ల టూరే తీసుకోండి. నేల మీద తిరిగేచోట ఆలస్యమైతే ఇంకో కారు పట్టుకోవచ్చు, సముద్రం మధ్యలో ఆలస్యమైతే మన చేతిలో ఏమీ ఉండదు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే జాబితాలో సగం టూర్లు వాటంతటవే తేలిపోతాయి.

ముందు గంటలు లెక్కేసుకోండి

టూర్ల జాబితా పక్కనపెట్టి చేతిలో ఎన్ని గంటలుంటాయో చూసుకోవడం మొదటి పని. పెనాంగ్ ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు అని రాసి ఉంటే అది తొమ్మిది గంటలు కాదు. ఓడ రేవుకి ఆనాక అక్కడి అధికారులు అనుమతిచ్చి మెట్లు తెరిచేసరికి కొంత పోతుంది, ఆ తర్వాత వేలమంది ఒకేసారి లిఫ్టుల దగ్గరకి వస్తారు, కింద ఇమిగ్రేషన్ లైను ఉంటుంది. చివర చూస్తే, అందరూ ఓడెక్కేసి ఉండాలి అని పెట్టే టైమ్ ఓడ కదిలే టైమ్‌కి అరగంట, ఒక్కోసారి గంట ముందే ఉంటుంది. దానికి ముందు ఇంకో గంట మనం చేతిలో ఉంచుకోవాలి. అన్నీ తీసేస్తే మిగిలేది ఆరు గంటలు. ఆరు గంటల్లో కారెక్కి దూరం వెళ్లి చూసేది ఒక్కటే పెట్టుకోవాలి, మిగతాదంతా రేవు దగ్గర్లో నడిచి చూసేదై ఉండాలి. నాలుగు చోట్లు చూపిస్తామనే టూర్ కన్నా రెండు చోట్లు నింపాదిగా చూపించే టూర్ మంచిది, అదీ ఇంట్లో డెబ్బై దాటినవాళ్లుంటే మరీను.

ఇంకో సంగతి టికెట్ అమ్మినవాళ్లు సాధారణంగా చెప్పరు. సింగపూర్‌కీ మలేషియాకీ ఒకే టైమ్, థాయ్‌లాండ్ వాటికి గంట వెనక. చాలా ఓడలు దారి పొడుగునా సింగపూర్ టైమే పాటిస్తాయి, కానీ ఫుకెట్‌లో దిగగానే మన ఫోను దానంతటదే థాయ్ టైమ్‌కి మారిపోతుంది. ఓడకి చేర్చే ఆఖరి పడవ 4:30కి అని ఓడలో ఇచ్చిన కాగితం మీద ఉంటే అది ఓడ టైమ్, అప్పటికి మీ ఫోన్లో 3:30 మాత్రమే అవుతుంది. ఫోన్లో 4 చూసి, ఇంకా అరగంట ఉందిలే అని కొబ్బరిబొండం తాగుతూ కూర్చుంటే పడవ వెళ్లిపోయి అప్పటికే అరగంట. ఇంట్లో పాత చేతి గడియారం ఉంటే దాన్ని ఓడ టైమ్‌కి పెట్టి, దిగేటప్పుడు ఎవరో ఒకరు చేతికి కట్టుకోండి. ఫోన్లో టైమ్ దానంతటదే మారకుండా ఆపేసినా సరిపోతుంది, కాకపోతే ఇంట్లో అందరి ఫోన్లకీ ఆ పని గుర్తుగా చెయ్యాలి.

ఓడ టూర్ తలకింత, కారు కారుకింత

డబ్బు విషయంలో నాకు కనిపించిన అసలు లెక్క ఇదే. ఓడ వాళ్ల టూర్ మనిషికి ఇంత అని ఉంటుంది. బయట కారు మాట్లాడుకుంటే కారుకి ఇంత. ఇద్దరే వెళ్తుంటే, కొత్తగా పెళ్లయినవాళ్లో, రిటైరైన దంపతులో, రెండింటికీ తేడా మరీ ఎక్కువుండదు, టెన్షన్ లేకుండా ఓడ టూర్ తీసుకున్నా నష్టం లేదు. కానీ మనం ఇద్దరమే ఎప్పుడు వెళ్తాం? అమ్మా నాన్నా, మీరిద్దరూ, ఇద్దరు పిల్లలూ అంటే ఆరుగురికి ఆరు టికెట్లు. అదే ఆరుగురికి ఒక పెద్ద కారు సరిపోతుంది, కావలసినచోట ఆగొచ్చు, పెద్దాయనకి ఓపిక లేకపోతే మధ్యలో వెనక్కి తిరగొచ్చు. బస్సులో నలభైమందితో వెళ్తే అది కుదరదు. గైడు చిన్న జెండా పట్టుకుని ముందు నడుస్తుంటాడు, వెనక మోకాళ్ల నొప్పులతో నడిచేవాళ్ల కోసం రెండు నిమిషాలు ఆగుతాడు, మూడోసారి మొహం చిట్లిస్తాడు. మధ్యలో ఏదో ఒక చాక్లెట్ల షాపులోనో, నగల షోరూంలోనో అరగంట పోతుంది.

మరి ఓడ టూర్‌కి ఇచ్చే అంత డబ్బుకీ మనకి వచ్చేదేమిటి? మూడొస్తాయి, మూడూ విలువైనవే. వాళ్ల బస్సో పడవో ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, ఆగలేకపోతే మనల్ని తర్వాతి రేవుకి చేర్చే బాధ్యత వాళ్లది. వాతావరణం బాగోక ఓడ ఆ ఊళ్లో ఆగకుండా వెళ్లిపోతే టూర్ డబ్బు వెనక్కొస్తుంది, బయట కొన్న టూర్‌కి ఆ హామీ ఉండకపోవచ్చు. మూడోది, పడవల్లో ఒడ్డుకి చేర్చే రేవుల్లో టూర్ కొన్నవాళ్లని ముందు దించుతారు. ఈ మూడూ పెనాంగ్‌లో పెద్దగా అక్కరకి రావు. ఫుకెట్‌లో మూడూ కావాలి.

పెనాంగ్: కొండా, పాత ఊరా?

పెనాంగ్‌లో ఓడ స్వెట్టెన్‌హమ్ రేవులో నేరుగా ఒడ్డుకే ఆనుకుంటుంది. బయటకి నడిచి వస్తే ఎదురుగా విక్టోరియా రాణి పేరు మీద కట్టిన గడియార స్తంభం, పక్కనే కార్న్‌వాలిస్ కోట. 1786లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ దిగింది ఇక్కడే. అంటే ఊరి నడిబొడ్డులోనే దించుతున్నారన్నమాట. అలాంటిచోట ఊరు చూపిస్తామని బస్సెక్కించుకోవడానికి డబ్బివ్వడం నాకు అనవసరం అనిపిస్తుంది.

ఓడ టూర్లలో ఎక్కువగా కనిపించేవి రెండు. ఒకటి పెనాంగ్ కొండ, దాంతో పాటు కేక్ లోక్ సీ అనే చైనా బౌద్ధాలయం. రెండోది జార్జ్‌టౌన్ పాత ఊరు. మూడోది బటు ఫెరింగీ బీచ్ అని ఉంటుంది, దాన్ని వెంటనే కొట్టేయండి. బారువ, కళింగపట్నం, చింతపల్లి తీరాలు చూసినవాళ్లకి ఆ బీచ్‌లో కొత్తగా కనిపించేదేమీ లేదు, దారిలోనే గంటలు పోతాయి.

కొండ సంగతి. రేవు నుంచి ఎయిర్ ఇటమ్ అనే ప్రాంతానికి ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు, ట్రాఫిక్‌ని బట్టి అరగంట, ముప్పావుగంట. అక్కడ కింది స్టేషన్ నుంచి తాడుతో లాగే రైలు పది నిమిషాల లోపే నిటారుగా పైకి తీసుకెళ్తుంది. ఈ రైలు మార్గం 1923లో పూర్తయింది, ఇప్పుడు నడిచేవి కొత్త పెట్టెలు. పైన చల్లగా ఉంటుంది, ఊరూ, సముద్రమూ, అవతలి గట్టుకి వెళ్లే పొడవాటి వంతెనా కనిపిస్తాయి, మన మురుగన్ గుడి కూడా ఉంది. పిల్లలకి ఆ రైలే పెద్ద సంబరం, ముందు అద్దం దగ్గర నిలబడ్డ గుంటడు అక్కడినుంచి కదలడు. ఇబ్బందల్లా లైను. శని, ఆదివారాల్లో, మలేషియా బడి సెలవుల్లో, రేవులో రెండు ఓడలు ఆగిన రోజున ఎక్కడానికీ దిగడానికీ కూడా గంటకి పైగా నిలబడాల్సి రావచ్చు. చాలామంది ఎక్కే లైను గురించే ఆలోచిస్తారు, దిగే లైను మర్చిపోతారు, ఓడ టైమ్ దగ్గరపడ్డప్పుడు కొండ మీద ఇరుక్కోవడం అంత ఆందోళన ఇంకోటి ఉండదు. లైను దాటించే ఫాస్ట్ లేన్ టికెట్ ఉంది, మామూలు దానికన్నా బాగా ఎక్కువ, కానీ ఓడ నుంచి వచ్చినవాళ్లు కొనాల్సింది అదే. మామూలు టికెట్‌తో మిగిలే డబ్బు కన్నా పోయే గంట విలువైంది. ఒక మాట, మబ్బు పట్టిన రోజున పైకి వెళ్తే తెల్లటి పొగమంచు తప్ప ఏమీ కనిపించదు.

కేక్ లోక్ సీ కొండకి దగ్గర్లోనే ఉంది, అదే కారులో రెండూ అవుతాయి. 1890లో కట్టడం మొదలుపెట్టి ఇప్పటికీ పెంచుతూనే ఉన్న గుడి అది. 1930లో పూర్తయిన ఏడంతస్తుల పగోడా ఒకటుంది, అడుగుభాగం చైనా పద్ధతిలో, మధ్యది థాయ్ పద్ధతిలో, శిఖరం బర్మా పద్ధతిలో కట్టారు. పైన ముప్పై మీటర్ల ఎత్తైన గువాన్యిన్ దేవత కంచు విగ్రహం. మా అత్తగారికి మోకాళ్లు బాగోవు, మెట్లంటే భయం. కింద తాబేళ్ల కొలను దగ్గర నుంచి ఎక్కే దారంతా మెట్లూ, రెండువైపులా దుకాణాలూ ఉంటాయి, అటు వెళ్లాం అంటే ఆవిడ అక్కడే ఆగిపోయేవారు. కానీ కారుని పైదాకా తీసుకెళ్లమని డ్రైవర్‌కి చెప్తే గుడి మధ్యభాగం దగ్గర దించుతాడు, అక్కడి నుంచి విగ్రహం దగ్గరకి ఏటవాలుగా నడిచే లిఫ్టు ఉంది, కొద్దిపాటి టికెట్. ఆవిడ చీర కొంగు సర్దుకుని ఆ గాజు పెట్టెలో కూర్చుని పైకి వెళ్లి, విగ్రహం పాదాల దగ్గర నుంచి తలెత్తి ఎంతసేపు చూశారో! సింహాచలం అప్పన్న కొండకన్నా ఎత్తా అని అడిగారు. కారు మాట్లాడుకుంటే దొరికే సౌకర్యం ఇదే, ఇలా ఎక్కడ దిగాలో మనం చెప్పొచ్చు. చైనా కొత్త సంవత్సరం రోజుల్లో, అంటే జనవరి చివరా ఫిబ్రవరిలో, ఈ గుడికి రాత్రుళ్లు వేల దీపాలు పెడతారు. మీ ఓడ ఆ రోజుల్లో రాత్రి వరకూ పెనాంగ్‌లో ఉంటే కొండ మానేసి చీకటి పడ్డాక ఇక్కడికే రండి.

మరి పాత ఊరు? నన్నడిగితే పెనాంగ్ అంటే ఇదే. 2008లో మలక్కాతో కలిపి యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది ఈ జార్జ్‌టౌన్‌నే. ఒకే వీధిలో కాస్త దూరంలో సెయింట్ జార్జ్ చర్చి, చైనావాళ్ల గువాన్యిన్ గుడి, కపితాన్ కెలింగ్ మసీదు ఉంటాయి, పక్క వీధి మలుపు తిరిగితే 1833 నాటి మహామారియమ్మన్ గుడి. అమ్మవారి గుడి మధ్యాహ్నం మన గుళ్లలాగే మూసేస్తారు కాబట్టి దర్శనం కావాలంటే పన్నెండు లోపు వెళ్లాలి. చుట్టూ ఉన్నది లిటిల్ ఇండియా, పూల దండలూ, పట్టు చీరలూ, పెద్ద సౌండుతో తమిళ పాటలూ. తెలుగు బోర్డు కోసం మాత్రం వెతకొద్దు, అక్కడ మనకి బదులు పలికేది తమిళమే. మన జిల్లాల నుంచి వందేళ్ల కిందట మలయా తోటల పనికి వెళ్లినవాళ్ల వారసులు ఎక్కువగా పక్కనే ఉన్న పెరాక్ రాష్ట్రం వైపు ఉంటారు. 1955లో పెట్టుకున్న తెలుగు సంఘం ఇప్పటికీ నడుస్తోంది. మన ముత్తాతల కాలంలో 'రంగం వెళ్లాడు, మలయా వెళ్లాడు' అని ఇంట్లో చెప్పుకున్న మాటలు గుర్తున్న పెద్దవాళ్లు ఈ వీధుల్లో నడుస్తుంటే వాళ్లంతట వాళ్లే కథలు చెప్తారు, వినండి.

పాత ఊళ్లో అందరూ ఫోటోల కోసం అర్మేనియన్ వీధికి వెళ్తారు, 2012లో గోడ మీద వేసిన ఇద్దరు పిల్లల బొమ్మ, దాని ముందు నిజం సైకిలు, ఫోటోకి పెద్ద లైను. ఒక ఫోటో తీసుకుని వచ్చేయండి. దానికన్నా ఎక్కువ సమయం వెల్డ్ కీ రోడ్డు పక్కనున్న చ్యూ జెట్టీకి ఇవ్వండి. ఒకే ఇంటిపేరు వాళ్లు సముద్రం మీద కర్రలు పాతి కట్టుకున్న పల్లె అది. నడిచే దారి చెక్కలతో వేశారు, అడుగేస్తే కొన్ని చెక్కలు కిర్రుమంటాయి, సందుల్లోంచి కింద ఆటుకి బయటపడ్డ బురదా, అందులో పాకే చిన్న పీతలూ కనిపిస్తాయి. మొదట్లో టీషర్టుల దుకాణాలు విసిగిస్తాయి గానీ చివరిదాకా నడిస్తే ఇళ్లు మాత్రమే మిగులుతాయి, వాకిట్లో ఎర్రటి చిన్న పూజాపీఠం, ఆరేసిన బట్టలు, పక్కన కట్టేసిన పడవ. భావనపాడు వైపు మత్స్యకార పల్లెలు తెలిసినవాళ్లకి ఆ వాసనా, ఆ వలలూ కొత్త కాదు, నీళ్ల మీద ఊరు కట్టుకున్న తీరే కొత్త. అక్కడ జనం నివసిస్తున్నారు, కిటికీల్లోకి తొంగిచూసి ఫోటోలు తీయకండి, సాయంత్రమైతే మాటలు తగ్గించండి.

కాబట్టి పెనాంగ్‌లో నా సలహా ఇదీ. పిల్లలూ, నడవగలిగే పెద్దవాళ్లూ ఉంటే దిగగానే కారెక్కి ముందు కొండకి, అక్కడి నుంచి కేక్ లోక్ సీకి, మధ్యాహ్నానికి లిటిల్ ఇండియాకి తిరిగొచ్చి అరిటాకు భోజనం, ఓపికుంటే చ్యూ జెట్టీ. పెద్దవాళ్లకి నడక కష్టమైతే కొండ మానేసి కేక్ లోక్ సీ ఒక్కటీ కారులో చూపించి తీసుకురండి. మీరిద్దరే వెళ్తే, ఫోటోలన్నా పాత ఇళ్లన్నా ఇష్టముంటే, కారు జోలికే పోకుండా ఆ ఆరు గంటలూ పాత ఊళ్లోనే గడపండి, 1906లో మళ్లీ కట్టిన ఖూ కోంగ్సీ అనే వంశమందిరం చెక్కడాలు చూడటానికే గంట పడుతుంది. ఏ ప్లాన్ అయినా దూరం ముందు, దగ్గర తర్వాత. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకి ఎయిర్ ఇటమ్ రోడ్డు మీద ఉండకండి, ఓడెక్కాల్సిన టైమ్‌కి రెండు గంటల ముందే అక్కడి నుంచి బయలుదేరిపోవాలి.

కారు ఎలా అంటే, రేవు గేటు దగ్గర టాక్సీవాళ్లు బోర్డులు పట్టుకుని చుట్టుముడతారు, వాళ్ల మొదటి ధరకి ఒప్పుకోవాల్సిన పనిలేదు. గేటు దాటి రోడ్డు మీదకి వచ్చి గ్రాబ్ యాప్‌లో బుక్ చేసుకుంటే ధర ముందే కనిపిస్తుంది. దానికి ఫోన్లో నెట్ కావాలి, ఇంటి దగ్గరే రోమింగ్ ప్యాక్ వేయించుకుని వెళ్లండి. కొండ దగ్గర తిరుగు కారు దొరకడం ఆలస్యమవుతుందని భయముంటే అదే కారుని గంటల లెక్కన మాట్లాడుకోండి. ఒంటరిగా తిరిగే కుర్రాళ్లయితే వెల్డ్ కీ నుంచి కొండకి వెళ్లే 204 నంబరు సిటీ బస్సు ఎక్కేయొచ్చు, చాలా చవక, కానీ పిల్లలతో వద్దు.

ఫుకెట్: ఇక్కడ లెక్క మారుతుంది

ఫుకెట్‌లో చాలా ఓడలు ఒడ్డుకి ఆనవు. పటాంగ్ తీరానికి ఎదురుగా సముద్రంలో లంగరేసి, చిన్న పడవల్లో జనాన్ని దఫదఫాలుగా ఒడ్డుకి చేరుస్తారు. టోకెన్ నంబరు పిలిచేదాకా హాల్లో కూర్చోవాలి. టూర్ కొన్నవాళ్లు ముందు దిగిపోతారు, సొంతంగా వెళ్లేవాళ్లకి గంటో గంటన్నరో అక్కడే పోవచ్చు. పటాంగ్ నుంచి ఎటు వెళ్లాలన్నా కొండ దాటాలి, ఆ రోడ్డు మీద ట్రాఫిక్ ఎక్కువ. గ్రాబ్ లాంటి యాప్‌లు ఇక్కడా పనిచేస్తాయి, కానీ టాక్సీ ధరలు పెనాంగ్‌తో పోలిస్తే బాగా ఎక్కువ.

టూర్ల జాబితాలో ఇక్కడ పోటీ ఫీ ఫీ దీవులకీ, ఫాంగ్ఙా అఖాతానికీ మధ్య. ఫోటోలు చూస్తే ఫీ ఫీ గెలుస్తుంది, తెల్లటి ఇసక, పచ్చని నీళ్లు. కానీ అది ఫుకెట్‌కి నలభై కిలోమీటర్లకి పైగా దూరంలో, బాహ్య సముద్రంలో ఉంది. ముందు రోడ్డు మీద తూర్పు తీరానికి వెళ్లి, అక్కడ స్పీడ్‌బోటెక్కితే దాదాపు గంట, అలలుంటే ఆ గంటంతా నడుము ఎగిరెగిరి పడుతుంది. గర్భిణులనీ, వెన్నునొప్పి ఉన్నవాళ్లనీ చాలామంది ఎక్కించుకోరు, ఎక్కించుకుంటామన్నా ఎక్కకండి. అందరూ చూడాలనుకునే మాయా బే పర్యాటకుల తాకిడికి పగడాలు దెబ్బతిని 2018 నుంచి మూసేసి 2022 జనవరిలో మళ్లీ తెరిచారు. ఇప్పుడక్కడ ఈత కొట్టనివ్వరు, పడవలు వెనకవైపు ఆగితే చెక్కదారి మీద నడిచి వెళ్లి చూసి రావాలి, ఏటా ఆగస్టు, సెప్టెంబరుల్లో పూర్తిగా మూసేస్తారు. ఈత కొడదామని వెళ్లేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని వెళ్లాలి.

ఫాంగ్ఙా అఖాతం ఫుకెట్‌కి ఈశాన్యంగా, భూమి చాటున ఉంటుంది, అందుకని నీళ్లు చాలావరకు నిదానంగా ఉంటాయి. నీళ్లలోంచి నిట్టనిలువుగా లేచిన సున్నపురాయి కొండలు, వాటి మధ్యలోంచి పడవ పోతుంది, కొన్నిచోట్ల చిన్న కయాక్‌లలో గుహల్లోకి తీసుకెళ్తారు. కో తపు అనే ఇరవై మీటర్ల రాయి ఉంది, పైన లావుగా, అడుగున సన్నగా ఉంటుంది. జేమ్స్‌బాండ్ దీవి అని అందరూ చెప్పేది దీని గురించే. 1998 నుంచి పడవల్ని దాని దగ్గరకి వెళ్లనివ్వడం లేదు, ఎదురు దీవి ఒడ్డున నిలబడి చూడాలి. తర్వాత కో పన్యీ, నీళ్ల మీద స్తంభాలతో కట్టుకున్న ముస్లిం మత్స్యకారుల ఊరు, అక్కడి పిల్లలు నీళ్ల మీద తేలే మైదానంలో బంతాట ఆడతారు. పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి వెళ్తే ఫీ ఫీ కన్నా ఇదే మంచిదని నేను గట్టిగా చెప్తాను. స్పీడ్‌బోటూ, పెద్ద పడవా రెండూ ఉంటే పెద్ద పడవ టూర్ ఎంచుకోండి, దాంట్లో నీడా, బాత్‌రూమూ ఉంటాయి.

నెల చూసుకోవడం ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు అక్కడి సముద్రం బాగుంటుంది. మే నుంచి అక్టోబరు వరకు నైరుతి గాలులు, అలలు పెద్దవి. మనకి బడి సెలవులు దొరికేది మేలోనూ, దసరాకీను, రెండూ ఆ గాలుల కాలంలోనే పడతాయి. 2018 జూలైలో ఫీనిక్స్ అనే పర్యాటక పడవ ఫుకెట్ దగ్గర తుపాను గాలిలో మునిగి 47 మంది చనిపోయారు. అందుకని ఆ నెలల్లో వెళ్లేవాళ్లు ఫీ ఫీ మాట మర్చిపోండి, ఫాంగ్ఙా కూడా ఓడ వాళ్ల ద్వారానే తీసుకోండి, వాళ్లు రద్దు చేస్తే వాదించకుండా డబ్బు వెనక్కి తీసుకోండి. బీచ్‌లో ఎవరో కాగితం చూపించి సగం ధరకి తీసుకెళ్తానంటే వద్దు. సంక్రాంతి సెలవులకి వెళ్తే ఈ బెడద లేదు, ఆ నెలలో ఫీ ఫీ కూడా హాయిగా వెళ్లి రావచ్చు, కుర్రాళ్లు నలుగురు కలిసి వెళ్తే అదే తీసుకోమంటాను.

పడవే వద్దనుకునేవాళ్లకి నేల మీద టూర్లుంటాయి: వాట్ చలాంగ్ బౌద్ధాలయం, సముద్రంలోకి చొచ్చుకెళ్లిన ప్రోంథెప్ కొండకొమ్ము, ఫుకెట్ పాత ఊరు. ఇవి కారు మాట్లాడుకుని చూడొచ్చు. వీటిలో వాట్ చలాంగ్ నాకిష్టం. సాలిహుండంలోనూ, రామతీర్థం దగ్గర గురుభక్తుల కొండ మీదా శిథిలాలుగా చూసిన బౌద్ధం ఇక్కడ జనం పూలూ అగరొత్తులూ పట్టుకుని వచ్చే గుడిగా కనిపిస్తుంది. భుజాలూ మోకాళ్లూ కప్పుకునే బట్టలు వేసుకోవాలి, చీరలకి ఇబ్బంది లేదు. పాత ఊరు మాత్రం పెనాంగ్‌లో జార్జ్‌టౌన్ చూసినవాళ్లు వదిలేయొచ్చు, తగరం గనుల రోజుల్లో చైనా వర్తకులు కట్టుకున్న అదే తరహా ఇళ్లు, ఇంకా చిన్న ఊరు.

ఏనుగు సవారీలు, పులులతో ఫోటోలు ఉన్న టూర్లు దయచేసి తీసుకోకండి. ఏనుగుల్ని చూడాలని పిల్లలు పట్టుబడితే సవారీ, స్నానాలు చేయించడాలు లేకుండా దూరం నుంచి చూపించే చోట్లున్నాయి, వివరాల్లో ఆ మాట రాసి ఉందో లేదో చదివి ఎంచుకోండి. పటాంగ్‌లో జెట్ స్కీ అద్దెకి తీసుకోవద్దు, తిరిగిచ్చాక గీత పడిందని పెద్ద మొత్తం అడిగే గొడవలు అక్కడ మామూలు.

ఓడలోనే ఉండిపోవడం కూడా ఒక ఎంపికే. దిగాలా వద్దా అని పెద్దవాళ్లు నసుగుతుంటే బలవంతం చేయకండి. అందరూ దిగిపోయాక ఓడ ఖాళీగా ఉంటుంది, స్విమ్మింగ్ పూల్ పక్కన కుర్చీ దొరుకుతుంది, భోజనం ఎలాగూ టికెట్‌లోనే. ముఖ్యంగా ఫుకెట్‌లో, ఊగే ఓడలోంచి ఊగే చిన్న పడవలోకి కాలు పెట్టాలి, సిబ్బంది చెయ్యి పట్టుకున్నా మోకాళ్లు సహకరించనివాళ్లకి అది కష్టమే.

తిండి గురించి ఒక్క మాట. శాకాహారులు పెనాంగ్‌లో లిటిల్ ఇండియా దాటి బయట తినేటప్పుడు అడిగి తినాలి, కూరగాయల వేపుడులో కూడా ఎండురొయ్యల ముద్ద వేస్తారు. ఫాంగ్ఙా టూర్‌లో భోజనం ఎక్కువగా చేపలూ రొయ్యలే, బుక్ చేసేటప్పుడే శాకాహారమని రాయించండి, అయినా బ్యాగులో నాలుగు చపాతీలో, పులిహోరో ఉంచుకుందామంటే ఓడలోంచి వండిన తిండి ఒడ్డుకి తీసుకెళ్లనివ్వరు, మూసి ఉన్న బిస్కెట్ ప్యాకెట్లే నయం.

సింగపూర్ వీసా ఒకసారికి మించి ప్రవేశం ఉన్నదో కాదో చూసుకోండి, ఓడ మళ్లీ అక్కడికే వస్తుంది కదా. మలేషియా, థాయ్‌లాండ్ నిబంధనలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి, ఆ రెండు దేశాల ఆన్‌లైన్ ఎంట్రీ ఫారాలు నింపాలో లేదో ఓడ కంపెనీనే అడగండి. దిగేటప్పుడు ఓడ కార్డు, పాస్‌పోర్టు ఫోటోకాపీ, ఓడ ఏజెంటు ఫోన్ నంబరున్న ఆ రోజు కాగితం మూడూ జేబులో ఉండాలి.

ఇక బుకింగ్. ఫాంగ్ఙా పెద్ద పడవ టూర్లకి సీట్లు తక్కువ, ఓడెక్కే రోజు దాకా ఆగితే అయిపోతాయి. టికెట్ కొన్న వారంలోనే యాప్‌లో చూసి, రద్దు గడువు ఎప్పటిదాకా ఉందో చదివి కొనేయండి. పెనాంగ్‌కి మాత్రం ముందు ఏమీ కొనకండి. ఓడ రేవులోకి వచ్చే పూట డెక్ మీదకి వెళ్లి చూస్తే ఊరి వెనక కొండ కనిపిస్తుంది. పైభాగం తేటగా ఉంటే ఫోన్లో ఫాస్ట్ లేన్ టికెట్ తీసుకుని దిగండి, మబ్బు కమ్మి ఉంటే కేక్ లోక్ సీకి మాత్రమే కారు చెప్పండి.